కాటన్ దొర శీలము – మన కర్తవ్యము

ఒక వ్యక్తి ఏ మతాన్ని అవలంబిస్తున్నాడో అతని ప్రార్థనలు, పండుగలు, వేషభాషలు తెలుపుతాయి. అతడు ఎటువంటివాడో తెలిపేది మాత్రం అతని పనియే. ఇస్లాం ఈ గుణాన్ని ‘అమానత్’ అని పేర్కొంటుంది. అనగా, మనకు అప్పగింపబడినదానిని చెడగొట్టక, దాచుకొనక, హక్కుదారునకు చేర్చడం. మహమ్మద్ ప్రవక్తవారు దైవవాణిని అందుకొనక పూర్వమే మక్కా ప్రజలచేత ‘అల్ అమీన్’, అనగా విశ్వాసపాత్రుడు, అని పిలువబడ్డారు. అయితే ఈ సుగుణం ఏ ఒక్క మతానికో సొత్తు కాదని మా నిశ్చితాభిప్రాయం. నిదర్శనానికై దూరదేశాలకు పోనక్కరలేదు. మన రామచంద్రపురం చేలకు నీరందించే తూర్పు డెల్టా కాలువల వెనుక ఒక భక్తుడైన క్రైస్తవుని జీవితమున్నది. ఆయనే సర్ ఆర్థర్ కాటన్ (1803–1899).

1833 ప్రాంతపు కరవు, 1839 నాటి తుపాను ఈ సీమను కుంగదీశాయి. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821 నాటికి 7 లక్షలు దాటియున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 60 వేల ప్రాంతానికి పడిపోయింది. గోదావరి మాత్రం నిండుగా పారి సముద్రంలో కలిసిపోతూనే ఉన్నది. 1847లో ఆరంభమైన ఆనకట్ట పని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరాల వద్ద నాలుగు పాయలకు అడ్డుగా సాగి 1852లో ముగిసింది. నడుమ కాటన్ అనారోగ్యంతో దేశాంతరం పోవలసి వచ్చినా, తిరిగి వచ్చి పనిలో నిలిచారు.

ఆయన ఇంజనీరింగు నైపుణ్యం అందరూ ఎరిగినదే. మేము గమనింపగోరేది ఆయన నిజాయితీని. కావేరీ తీరాన చోళుల నాటి కల్లణైని పరిశీలించిన కాటన్, ఇసుకనేలలో పునాది నిలిపే విద్యను ఈ దేశపు పూర్వులనుండియే నేర్చుకొన్నామని దాచక వ్రాశారు. పాలకజాతికి చెందినవాడు పాలితుల ఋణాన్ని బహిరంగంగా ఒప్పుకొనడం ఆ కాలంలో సామాన్య విషయం కాదు. రైలుమార్గాలపై విరివిగా వ్యయం చేస్తూ నీటిపారుదలను నిర్లక్ష్యం చేయడం తగదని తన ప్రభుత్వంతోనే దశాబ్దాలపాటు వాదించారు. 1878లో, వృద్ధాప్యంలో, బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం ఎదుట నిలిచినప్పుడు కూడా ఆ మాట మార్చుకొనలేదు.

కంపెనీవారు ఈ పనికి అనుమతించింది శిస్తు రాబడి పెరుగుతుందనియే కదా, కాటన్ తన మతవ్యాప్తిని కోరినవాడే కదా అని కొందరు ఆక్షేపింపవచ్చు. రెండూ నిజమే. కాని ప్రభువుల లాభాపేక్ష వేరు, పనివాని చిత్తశుద్ధి వేరు. ఆయన మతవిశ్వాసం ఎంత దృఢమైనదైనా, ఆయన మళ్లించిన నీరు ఏ చేను ఏ మతస్థునిదని అడగలేదు. మసీదు మాన్యానికీ, దేవాలయ భూమికీ, పేద రైతు కుంటకూ ఒకే కాలువ పారింది. 1876లో, డెబ్బది దాటిన వయస్సులో, ఆయన అరబ్బీ నేర్చుకొనేవారికై ఒక వాచకాన్ని ప్రకటించారన్న సంగతి మన కళాశాల విద్యార్థులకు ఆసక్తి కలిగింపగలదు.

డెల్టా గ్రామాలలో నేటికీ హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఆయన విగ్రహానికి పూలమాల వేస్తారు. తరువాతి కాలంలో కట్టిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. ఈ గౌరవం ఆయన మతానికి లభించినది కాదు. ఆ మతం ఆయనలో పెంపొందించిన శీలానికి లభించినది.

అల్పసంఖ్యాక వర్గాలకు చెందిన మన విద్యార్థులు గ్రహింపవలసిన సత్యం ఇచ్చటనే ఉన్నది. ఒక క్రైస్తవ యువకుడు లంచం నిరాకరించినప్పుడు, ఒక ముస్లిం గుమాస్తా లెక్కలో ఒక్క పైసా తేడా రానీయనప్పుడు, వేదికలపై చేసే ప్రసంగాలకంటె మిన్నగా తమ విశ్వాసానికి గౌరవం తెస్తారు. పరీక్షలో చీటీలు దాచి వ్రాసిన విద్యార్థి రేపు వంతెనకు సిమెంటు తగ్గిస్తే ఆశ్చర్యమేమున్నది? ఎగువ రైతు దొంగతనంగా తూము తెరిస్తే కాలువ చివరి చేను ఎండిపోతుంది. అవినీతి స్వభావమూ అంతే. దాని ఫలితాన్ని అనుభవించేది మన కంటికి కనబడని దిగువవాడు.

ఆనకట్ట బలం నీటి అడుగున, ఎవరి దృష్టికీ అందని పునాదిలో ఉంటుంది. మనుష్యుని ధర్మం కూడా ఎవరూ చూడని చోట అతడు చేసే పనిలోనే ఉంటుంది. కళాశాల సంఘంవారు పట్టాలతోపాటు ఈ గుణాన్నీ విద్యార్థులకు అందింపగలిగితే, మన సంస్థ స్థాపన సార్థకమైనట్లే.