జెండా తాడు ఎవరి చేతిలో?

కొత్త క్యాలెండర్ గోడకెక్కగానే ఉద్యోగస్తుల కళ్లు ముందుగా వెతికేవి ఎర్ర అంకెల్నే. ఆగస్టు 15 ఏ వారం పడిందో చూసుకుంటారు. శుక్రవారమో సోమవారమో అయితే మొహం చాటంత అవుతుంది. వరసగా మూడు రోజులు కలిసొస్తాయి, ఏ అరకులోయకో తిరుపతికో వెళ్లిరావచ్చు. అదే ఆదివారం పడిందా... 'అయ్యో, ఒక సెలవు పోయిందే' అని నిట్టూర్పు. స్వాతంత్య్రం వచ్చిన రోజు ఆదివారం రావడం కూడా ఒక నష్టం కిందే లెక్క!

అదే ఇంట్లో మూడో తరగతి చదివే పిల్లాడి లెక్క వేరు. వాడు ఆ రోజు తెల్లవారుజామునే లేచి కూర్చుంటాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ అయిందా లేదా అని ముందురోజు రాత్రే అమ్మ ప్రాణం తోడేస్తాడు. తెల్ల బూట్ల మీద మరక కనిపిస్తే సుద్దముక్కతో రుద్దుతాడు. జేబుకి పెట్టుకునే కాగితం జెండా కోసం గుండుసూది ఎక్కడుందోనని ఇల్లంతా గాలిస్తాడు. తీరాచూస్తే వాడి పనల్లా డ్రిల్లులో మూడో వరసలో, ఎక్కడో మూలన నిలబడటమే. అయినా తాను వెళ్లకపోతే జెండా ఎగరదేమో అన్నంత హైరానా పడతాడు.

తండ్రికి లేనిదీ కొడుక్కి ఉన్నదీ దేశభక్తి కాదు... పని! చేతిలో ఏదో ఒక పని ఉన్నవాళ్లకే పండగ ఆనందం దక్కుతుంది. సంక్రాంతికి ముగ్గు పెట్టినవాళ్లకీ వినాయక చవితికి పత్రి కోసుకొచ్చినవాళ్లకీ ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కూర్చుని చూసేవాళ్లకు మిగిలేది సెలవొక్కటే.

ఊరంతా చేతులే

పల్లెటూరి బడిలో చదువుకుని ఇప్పుడు యాభై దాటినవాళ్లను కదిపి చూడండి. ఆగస్టు 15 అనగానే వాళ్లు ఉపన్యాసాల గురించి చెప్పరు. ముందురోజు సాయంత్రం గురించి చెబుతారు. మైదాపిండి ఉడికించి జిగురు చేయడం, రంగు కాగితాల్ని మూడు మూలలుగా కత్తిరించి పురికొసకు అంటించడం, మామిడాకుల కోసం తోటలోకి పరుగెత్తడం, బడి ముందు నీళ్లు చల్లి సున్నంతో గీతలు గీయడం... అసలే వానాకాలం. రాత్రి ఓ జల్లు పడిందంటే కాగితాల రంగులన్నీ కారి ఒకటైపోయేవి. పొద్దున్నే మళ్లీ మొదలు!

తెల్లారకముందే వీధుల్లో ప్రభాతభేరి. పిల్లల కేకలకు పెద్దవాళ్లు అరుగుల మీదికి వచ్చేవాళ్లు. జెండాలో బంతిపూల రేకులు పెట్టి చుట్టి, పైన ముడి వేసే బాధ్యత డ్రిల్లు మాస్టారిది. హెడ్మాస్టారు తాడు లాగగానే ముడి ఊడాలి. ఊడదు. ఇంకోసారి లాగుతారు. ఊరంతా ఊపిరి బిగబట్టేది. డ్రిల్లు మాస్టారి నుదుటి మీద చెమటలు. మూడోసారికి రేకులు జలజలా రాలితే, ఆ చప్పట్లలో సగం జెండాకీ సగం ముడి ఊడినందుకూ! ఆ తర్వాత బూందీ పొట్లమో రెండు బిస్కెట్లో చాక్లెట్టో. సాయంత్రం ఆడవాళ్లకు కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగు. మొదటి బహుమతి స్టీలు గిన్నె, రెండోది సబ్బుపెట్టె. గెలిచిన గిన్నె ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉండేది. దాన్ని మాత్రం ఎవరికీ బదులిచ్చేవాళ్లు కాదు.

ఖర్చు చూస్తే ఏమీ లేదు. కానీ ఊళ్లో ప్రతి ఇంటికీ అందులో ఒక చెయ్యి ఉండేది. అన్నేళ్ల తర్వాత కూడా గుర్తుండిపోవడానికి కారణం అదే.

మెట్టు మెట్టూ దిగొచ్చిన తాడు

నిజానికి జెండా తాడు సామాన్యుడి చేతికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1947 ఆగస్టు 15 సాయంత్రం ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గరున్న ప్రిన్సెస్ పార్కులో జెండా ఎగిరింది. నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరేసింది ఆ మర్నాడు, ఆగస్టు 16న. ఎర్రకోట అనగానే అందరికీ 15వ తేదీయే గుర్తొస్తుంది కానీ తొలి ఏడాది మాత్రం ఒక రోజు ఆలస్యం!

రాష్ట్రాల సంగతి చూస్తే, 1973 దాకా స్వాతంత్య్ర దినోత్సవం నాడు జెండా ఎగరేసింది గవర్నర్లు. ప్రజలు ఎన్నుకున్న ముఖ్యమంత్రికి ఆ అవకాశం ఉండొద్దా అని అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి అడిగారు. కేంద్రం ఒప్పుకుంది. 1974 నుంచి ఆ తాడు ముఖ్యమంత్రుల చేతికొచ్చింది.

మరి మామూలు మనిషి? ఒకప్పుడు ఇంటి మీద జాతీయ జెండా ఎగరేయాలంటే ఏడాదిలో కొన్ని ప్రత్యేక రోజుల్లోనే వీలయ్యేది. 2002 జనవరి 26న కొత్త ఫ్లాగ్ కోడ్ అమల్లోకి వచ్చాక ఏ రోజైనా, మర్యాద తప్పకుండా ఎగరేసుకోవచ్చన్నారు. గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి ప్రాథమిక హక్కేనని 2004 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. చేత్తో వడికి నేసిన బట్టతోపాటు మిషను మీద తయారైన జెండాలకూ పాలిస్టర్‌కూ 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఇంటి మీద రాత్రీపగలూ జెండా ఉంచుకోవచ్చని 2022 జులైలో చెప్పారు. ఆ ఏడాదే స్వాతంత్య్రానికి 75 ఏళ్లు నిండాయి. ఆగస్టు 13 నుంచి 15 దాకా 'హర్ ఘర్ తిరంగా' పేరుతో బాల్కనీల్లో, ఆటోల మీద, తోపుడుబండ్ల మీద కూడా మూడు రంగులు కనిపించాయి.

అంటే, చట్టం తన వంతు పని పూర్తిచేసింది. తాడు గుమ్మం దాకా వచ్చేసింది. అందుకోవాల్సింది ఇక ఇంట్లోవాళ్లే.

నవ్వుతోపాటు ఓ నిమిషం మౌనం

ఆనందంగా గడపమంటే అన్నీ మర్చిపొమ్మని కాదు. ఆ స్వాతంత్య్రం కోసం జీవితమంతా ధారపోసిన గాంధీజీ ఆ రోజు ఢిల్లీ వేడుకల్లో లేరు. కలకత్తాలో, మతకల్లోలాలతో గాయపడిన బేలియాఘాటలో ఉన్నారు. ఉపవాసంతో, రాట్నం వడుకుతూ గడిపారు. దేశం రెండు ముక్కలై లక్షలమంది ఇళ్లూ వాకిళ్లూ వదిలి నడుస్తున్న రోజులవి. ఒక చోట దీపాలు, ఇంకో చోట మంటలు. రెండూ ఒకే రాత్రివి.

తెలుగునేల మీద కూడా ఆ రోజు అందరికీ ఒకేలా లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు సంబరాల్లో ఉంటే హైదరాబాద్ సంస్థానంలో ఆ జెండా ఎగరేయడమే నేరం. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ ఆ రోజు జెండా ఎగరేసి అరెస్టయ్యారు. సంస్థానం భారతదేశంలో కలిసింది పదమూడు నెలల తర్వాత, 1948 సెప్టెంబరు 17న. గోదావరి ఒడ్డున ఉన్న యానాం ఇంకా ఆలస్యం. ఫ్రెంచివాళ్ల పాలన నుంచి అది బయటపడింది 1954లో. చట్టప్రకారం బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16న. అందుకే పుదుచ్చేరి ప్రాంతమంతటితోపాటు యానాంకూ 15 ఒక పండగ, 16 ఇంకో పండగ!

తెలంగాణలో తాతగారు, గుంటూరులో అమ్మమ్మ ఉన్న పిల్లలు ఇద్దరి ఇళ్లలోనూ అడగాలి... ఆ రోజు మీ ఊళ్లో ఏం జరిగిందని. ఒకే తేదీకి రెండు కథలు దొరుకుతాయి. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లే. కళ్లారా చూసింది చెప్పేవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఈ ఏడాది అడగని ప్రశ్నకు వచ్చే ఏడాది జవాబు చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు.

మూడు ఊళ్లు, మూడు కథలు

ఆ ఉదయం బడిలో పిల్లలు మూడు పనులు చేస్తారు. జెండాకు వందనం, ప్రతిజ్ఞ, జాతీయగీతం. మూడింటితోనూ తెలుగు ఊళ్లకు చుట్టరికం ఉంది.

జెండా కథ కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో ఆయన ఎరుపు, ఆకుపచ్చ రంగులతో గీసిన నమూనాను గాంధీజీకి చూపించారు. గాంధీజీ సూచనతో తెలుపు చేరింది. 1931లో ఎరుపు బదులు కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగసభ జెండాను ఆమోదించినప్పుడు రాట్నం ఉన్నచోట అశోకచక్రం నిలిచింది.

ప్రతిజ్ఞ నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో తెలుగులో రాశారు. తర్వాత అది అనేక భాషల్లోకి వెళ్లింది. దేశంలో కోట్లమంది పిల్లలు చెయ్యి చాచి చెప్పే మాటలు ముందు తెలుగులో పుట్టాయన్న సంగతి తెలుగు పిల్లల్లోనే చాలామందికి తెలియదు.

ఇక జాతీయగీతం. రవీంద్రనాథ్ టాగూర్ దాన్ని ఇంగ్లిషులోకి అనువదించింది మదనపల్లెలో, 1919 ఫిబ్రవరిలో. అక్కడి బిసెంట్ కాలేజీలో ఉన్నప్పుడు మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాశారు. పాడటానికి పట్టేది యాభై రెండు సెకన్లే. దాని వెనక కథ చెప్పడానికి అన్నం తినేంత సమయం చాలు.

అందరికీ తలో పని

అపార్టుమెంట్లలో ఇప్పుడు జెండా పండగ ఎలా జరుగుతోంది? వాచ్‌మన్ కర్ర పాతుతాడు. సెక్రటరీగారు తాడు లాగుతారు. ఆరుగురు కింద నిలబడితే అరవై మంది కిటికీల్లోంచి చూస్తారు. కొందరు అదీ లేదు... ఫోన్లో జెండా బొమ్మ పంపించి మళ్లీ ముసుగుతన్నేస్తారు. ఇడ్లీ, వడల వేళకు మాత్రం లిఫ్టు ఖాళీ ఉండదు!

అమెరికాలో ఆగస్టు 15 పనిదినం. అక్కడి తెలుగువాళ్లు పక్కనే వచ్చే శనివారమో ఆదివారమో చూసుకుని, వంటలు వండుకుని, పిల్లలకు డాన్సులు నేర్పి మరీ జరుపుకొంటారు. సెలవు లేనిచోట పండగ ఉంది. సెలవున్నచోట పండగ కిటికీలోంచి చూసేదవుతోంది.

మార్చడం పెద్ద కష్టమేమీ కాదు. తోరణాలు కొనకుండా పిల్లల్నే చేయనివ్వాలి. వంకరగా వచ్చినా ఫరవాలేదు. తాడు ఏటా ఒకరికే కాకుండా ఒకసారి పెద్దవయసు మామ్మగారికీ ఇంకోసారి వాచ్‌మన్‌కీ మరోసారి పనిమనిషి కూతురికీ ఇవ్వొచ్చు. ఇంటికో వంటకం తెచ్చుకుంటే హోటల్ టిఫిను అక్కర్లేదు. ఉపన్యాసాల బదులు ఇంటికో కథ చెప్పించొచ్చు. ప్లాస్టిక్ జెండాల మీద 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. కాగితం జెండాలు చాలు.

అసలు పరీక్ష 16వ తేదీ పొద్దున ఉంటుంది. నిన్న గుండెకు పెట్టుకున్న కాగితం జెండా ఇవాళ బురదలో, చక్రాల కింద. పారేసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. అది వాళ్లు చేసుకున్నది కాదు, ఎవరో ఇచ్చింది... అంతే. కూర్చుని కత్తిరించి అంటించిన పిల్లాడు దాన్ని కింద పడనివ్వడు, పడినా వంగి తీస్తాడు. చిరిగిన జెండాను ఎగరేయకూడదనీ పాడైనదాన్ని నలుగురి కాళ్ల కింద పడకుండా మర్యాదగా తీసేయాలనీ నిబంధనలు చెబుతాయి. బాగున్న బట్ట జెండాను దించి, దుమ్ము దులిపి, మడతపెట్టి బీరువాలో పట్టుచీరల పక్కన దాచుకోవచ్చు. ఆ మడత పెట్టే పని కూడా ఇంట్లో చిన్నవాళ్లకే అప్పగిస్తే మంచిది. మడత పెట్టిన చేతులు వచ్చే ఆగస్టులో విప్పడానికి కూడా ముందే సిద్ధంగా ఉంటాయి.