సంతకానికి ముందు షెడ్యూలు, సంతకం తర్వాత గడువు

భూముల విలువలు పెరగబోతున్నాయన్న మాట బయటికి పొక్కితే చాలు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల ముందు నిలబడే చోటుండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త విలువలు అమల్లోకి వచ్చినప్పుడు, జనవరి ఆఖరి రోజుల్లో జరిగింది అదే. నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ ఆ తొందరలోనే, జన్మలో ఒక్కసారి కొనే ఇంటిస్థలం కాగితాల మీద చదవకుండా సంతకాలు పడుతున్నాయి. అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతం కడుతున్నాం. పాతిక లక్షల స్థలానికి అది 1,87,500 రూపాయలు. అంత కట్టి తెచ్చుకున్న కాగితం పనికిరాకుండా పోయే దారులు చాలా ఉన్నాయి. కొంటున్నవాళ్లూ, కొని ఊరుకున్నవాళ్లూ ఇది ఇవాళే చదవాలి.

అన్నిటికంటే ముందు షెడ్యూలు. దస్తావేజు చివర్లో ఉండే ఆ అరపేజీని కొనేవాళ్లలో చాలామంది చూడనే చూడరు. పేరు సరిగా పడిందా, ఇంటిపేరులో అక్షరం పోయిందా అని మొదటి పేజీ చూసి తృప్తిపడతారు. కానీ మీరు కొన్నది ఏ నేల అని చెప్పేది షెడ్యూలు ఒక్కటే. లేఖరి దగ్గర జరిగేదేమిటో గమనించండి. అదే లేఅవుట్లో నిన్నో మొన్నో రాసిన దస్తావేజు కంప్యూటర్లో ఉంటుంది. దాన్ని తెరిచి పేర్లు మారుస్తారు, ప్లాటు నంబరు 36 తీసి 37 చేస్తారు. తూర్పు హద్దు మాత్రం పాతదే ఉండిపోతుంది. 36కు తూర్పున ఉన్నది 37వ ప్లాటు కాబట్టి, మీ దస్తావేజు ప్రకారం మీ స్థలానికి మీ స్థలమే సరిహద్దు అవుతుంది. రోడ్డున్న వైపు ప్లాటు, ప్లాటున్న వైపు రోడ్డు పడుతుంది. 200 గజాలని అంకెల్లో, నూట అరవై అని అక్షరాల్లో ఉంటుంది. సర్వే నంబరులో సబ్‌డివిజన్ ఎగిరిపోతుంది.

ఇవన్నీ ఆ రోజు ఎవరికీ పట్టవు. పదేళ్ల తర్వాత బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడో, పక్కవాడు గోడ కట్టినప్పుడో బయటపడతాయి. అప్పుడు సవరణ దస్తావేజు రాయించాలి. దానికి అమ్మినవాళ్లే మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. వాళ్లు కాలం చేసి ఉంటే వారసులందరినీ పోగుచెయ్యాలి. రేటు పెరిగిన స్థలం విషయంలో ఆ సంతకం ఊరికే రాదు. అందుకే డ్రాఫ్టును ఒకరోజు ముందే తెప్పించుకుని, లింకు డాక్యుమెంటు పక్కన పెట్టుకుని, స్థలం మీదికి వెళ్లి నిలబడి నాలుగు దిక్కులూ సరిచూసుకోండి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే గట్టిగా చదివించుకుని వినండి. లేఖరికి కోపం వస్తుందేమోనన్న మొహమాటం వద్దు.

రెండో ప్రమాదం ఒక నమ్మకం నుంచి పుడుతోంది. గవర్నమెంటు ఆఫీసులో గవర్నమెంటు ముద్ర పడింది కాబట్టి ఆస్తి మనదే అయిపోయిందనుకుంటాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదు. అమ్మేవాడికి హక్కు ఉందో లేదో తేల్చే అధికారం రిజిస్ట్రేషన్ అధికారికి లేదని, తమిళనాడు నిబంధన ఒకదాన్ని కొట్టేస్తూ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టం చేసింది. సంతకం పెట్టింది ఆ మనిషేనా, సుంకం సరిపోయిందా, పద్ధతి ప్రకారం దాఖలైందా అన్నవే ఆఫీసు చూసే సంగతులు. లేని హక్కును ఎవరైనా రాసిస్తే, రిజిస్టరైన దస్తావేజుతోనూ ఆ హక్కు మీకు రాదు. హక్కు చూసుకోవాల్సిన బాధ్యత పూర్తిగా కొనేవాళ్లదే.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశాం, క్లియర్‌గా ఉంది అంటారు. ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 నుంచి జరిగిన లావాదేవీలే చూపిస్తుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. పైగా ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న వ్యాజ్యం, ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు అందులో ఉండకపోవచ్చు. ఒరిజినల్ పోయింది, నకలుతో కానిద్దాం అని అమ్మేవాడు అంటే అక్కడే ఆగిపోండి. బ్యాంకుల తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకవచ్చు. అది చూడకుండా బయానా ఇవ్వకండి. ఉమ్మడి కుటుంబపు ఆస్తయితే ఆడపిల్లల సంగతి అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ కూతుళ్లకు సమాన వాటా ఉంది. అన్నదమ్ములు మాత్రమే సంతకం పెట్టిన దస్తావేజు కొనుక్కుంటే, దానితోపాటు కోర్టు కేసునూ కొనుక్కున్నట్టే.

నిషేధిత జాబితాను బయానాకు ముందే చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టంలో 2007లో చేర్చిన 22ఏ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు ఆ జాబితాలో ఉంటాయి. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. సర్వే నంబరు కొడితే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోనే తెలుస్తుంది. సొంత పట్టా భూములు కూడా పొరపాటున ఆ జాబితాలోకి ఎక్కిన ఉదంతాలు ఉన్నాయి. అది అమ్మేవాడు కలెక్టరు దగ్గర తేల్చుకోవాల్సిన పని. తేలేదాకా పైసా ఇవ్వొద్దు.

తెలంగాణలో ఇంకో సంగతి. అక్కడ 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూమికి తహసీల్దారు ఆఫీసులో, ఇళ్లకూ ప్లాట్లకూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ జరుగుతోంది. ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినా ఈ విభజన అలాగే ఉంది. ప్లాటు అని చెప్పి డబ్బు తీసుకుని, గుంటల లెక్కన తహసీల్దారు ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయిస్తున్నారంటే, మీరు కొంటున్నది చట్టం దృష్టిలో సాగుభూమి. బ్రోచరులో ఎన్ని అడుగుల రోడ్డు గీసినా లేఅవుట్ అనుమతి లేనట్టే. రేపు ఇంటి అనుమతికి వెళ్లినప్పుడు ఆ బ్రోచరు అక్కరకు రాదు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద, నోటరీ కాగితం మీద కొన్నవాళ్ల గురించి తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి జరిపే అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులోనే తీర్పు చెప్పింది. వంద రూపాయలు, ఆపైన విలువైన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్ర దానికి బదులు కాదు. నోటరీ మీద కొన్న ఇళ్లలో కాపురముంటున్నవాళ్లు నగరాల బస్తీల్లో ఎందరో. సాదాబైనామా మీద, అంటే తెల్లకాగితపు రాతకోతల మీద కొని సాగు చేసుకుంటున్న రైతులు తెలంగాణ పల్లెల్లో లక్షల్లో ఉన్నారు. పేదరికం వల్ల, నమ్మకం వల్ల అలా కొన్నవాళ్లను తప్పుపట్టలేం. కానీ ఇప్పటికీ డ్యూటీ మిగులుతుందని తెలిసి తెలిసి ఆ దారిలో వెళ్తున్నవాళ్లను మాత్రం చేయి పట్టుకుని ఆపాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, ఇక్కడి ఆస్తి అమ్మడానికి అన్నకో బావమరిదికో జీపీఏ పంపేవారికి ఒక మాట. అక్కడ తెల్లకాగితం మీద సంతకం పెట్టి కొరియర్ చేస్తే సరిపోదు. అక్కడి నోటరీ ముందో, మన కాన్సులేట్‌లోనో సంతకం పెట్టి ధ్రువీకరణ చేయించాలి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. మనవాళ్లు వ్యాలిడేషన్ అనే పని అదే. కొనేవాళ్లకూ ఓ జాగ్రత్త ఉంది. 50 లక్షలు, ఆపైన విలువుంటే ఒక శాతం టీడీఎస్ కట్టాలని అందరికీ తెలుసు. అమ్మేది ప్రవాస భారతీయుడైతే ఆ ఒక్క శాతం లెక్క చెల్లదు. పట్టుకోవాల్సిన పన్ను ఎక్కువ, పట్టుకోకపోతే నోటీసు వచ్చేది కొన్నవారికే. ఆడిటరును అడగకుండా చెక్కు రాయకండి.

ఇక సుంకం కట్టే చలానా మాటకొస్తే, 2021 ఆగస్టును ఆంధ్రప్రదేశ్ మరచిపోకూడదు. పలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో నకిలీ చలానాలు బయటపడ్డాయి. కొనేవాళ్ల దగ్గర పూర్తి సొమ్ము తీసుకుని, ఖజానాకు కొంతే కట్టి, అంకెలు మార్చిన చలానా జతచేశారు. డబ్బు పోగొట్టుకున్నది ఖజానా ఒక్కటే కాదు; సుంకం తక్కువ పడిన దస్తావేజు మీద మిగతా సొమ్ము రాబట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. కాబట్టి డబ్బు లేఖరి చేతికి ఇవ్వొద్దు. మీ ఖాతా నుంచి మీరే కట్టండి, చలానా నంబరు మీరే వెబ్‌సైట్లో సరిచూసుకోండి. అమ్మకపు సొమ్ములో కూడా 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది.

రిజిస్ట్రేషన్ నాడు మీరు ఇచ్చేవాటిలో అతి విలువైనది వేలిముద్ర. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు అచ్చులు పోసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. తర్వాతి ఏళ్లలో రెండు రాష్ట్రాల్లోనూ అదే పద్ధతిలో బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు మాయమైంది. దస్తావేజులో ఆధార్ నంబరు పూర్తిగా రాయించకండి. చివరి నాలుగు అంకెలు కనిపించే మాస్క్‌డ్ కాపీ జతచేయండి. పని ముగిసి బయటికి రాగానే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. వృద్ధులైన తల్లిదండ్రుల ఆధార్‌కు పిల్లలే ఈ పని చేసిపెట్టాలి.

కాగితాలన్నీ సరిగా ఉన్నా ఏదో కొర్రీ పెట్టి తిప్పి పంపితే ఊరుకుని రాకండి, మధ్యవర్తిని వెతుక్కోకండి. తిరస్కరిస్తే కారణాలు రాసి ఇవ్వాలని రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షన్ చెబుతోంది. ఆ ఉత్తర్వు అడిగి తీసుకోండి. దాని మీద 30 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేయవచ్చు. నోటిమాటగా కాదన్నదాని మీద అప్పీలు ఉండదు. అందుకే నోటితో చెప్పి పంపడం అలవాటైంది. ఆ అలవాటు మాన్పించాల్సింది శాఖ ఉన్నతాధికారులు. ఏయే కాగితాలు కావాలో తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి ఆఫీసు గుమ్మం దగ్గర రాసిపెట్టమని ప్రభుత్వాలను గట్టిగా కోరుతున్నాం. దళారికి చోటిచ్చేది సమాచారం లేకపోవడమే.

ఇక గడువు. సంతకాలైన దస్తావేజును నాలుగు నెలల్లోపు దాఖలు చేయాలని 23వ సెక్షన్. తప్పనిసరి కారణం చూపితే, రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్లు మించని జరిమానాతో మరో నాలుగు నెలలు. ఆ తర్వాత ఏ ఆఫీసూ తీసుకోదు. వీలునామాకు మాత్రమే ఈ గడువు లేదు. దస్తావేజు రాయించి, మంచిరోజు చూద్దామనో, డబ్బు సర్దుకోలేదనో, అల్లుడు దుబాయి నుంచి రావాలనో బీరువాలో పెట్టుకున్న కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. సంతకం పడిన నాటి నుంచే ఆ రోజులు కరిగిపోతుంటాయి.

మీ ఇంట్లో అలాంటి కాగితం ఉంటే ఈ పూటే తీసి తేదీ చూడండి. నాలుగు నెలలు నిండకపోతే రేపే స్లాటు బుక్ చేయండి. నాలుగు దాటి ఎనిమిది లోపయితే ఆలస్యానికి కారణం రాసి సబ్‌రిజిస్ట్రార్‌కు దరఖాస్తు ఇవ్వండి, ఆయన దాన్ని జిల్లా రిజిస్ట్రార్‌కు పంపిస్తారు. ఎనిమిదీ దాటిపోయిందా, అమ్మినవాళ్లు బతికుండగానే, మాట మీద ఉండగానే వెళ్లి కొత్త దస్తావేజు రాయించుకోండి. చేతిలో ఉన్నది ఒట్టి అగ్రిమెంటే అయితే, దాన్ని అమలు చేయించమని కోర్టుకెళ్లడానికి గడువు మూడేళ్లు. అందులో రాసుకున్న తేదీ నుంచి, తేదీ రాసుకోకపోతే వాళ్లు కుదరదన్న సంగతి మీకు తెలిసిన నాటి నుంచి ఆ మూడేళ్లు లెక్క.