కనరాని గురుతు

నకిలీ నోటు చేతబడినవానికి నష్టపరిహారము లేదు. అట్టి నోటు బ్యాంకునందు బయల్పడినచో, రిజర్వుబ్యాంకువారి నిబంధనల ననుసరించి, దానిపై నకిలీయని ముద్రవేసి స్వాధీనపరచుకొందురు. తెచ్చినవానికి రసీదు లభించునే గాని రూకలు లభింపవు. సంతలో ఎడ్లనమ్ముకొన్న రైతైనను, రాత్రి గల్లాపెట్టె లెక్కచూచుకొను వర్తకుడైనను ఆ నష్టమును తానే భరింపవలెను. కావున నోటును కాపాడు శాస్త్రము ధనాగారములకు మాత్రమే సంబంధించినదని తలచుట తగదు.

వెలుగునందు గురుతును దాచు విద్యకు పునాది పూర్వమే పడినది. కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు సోకినపుడు క్వినైను ద్రావణము నీలకాంతి నీనుటను పరిశీలించి, కేంబ్రిడ్జి ఆచార్యుడగు స్టోక్సు 1852లో ఆ ధర్మమునకు ఫ్లోరెసెన్సు అని పేరిడెను. దీనినే మనవారు ప్రతిదీప్తి యందురు. మన నోట్లపై సంఖ్యలను ముద్రించు సిరాయందును, కాగితములో కలిపిన సన్నని పోగులయందును ఈ ధర్మమే యిమిడియున్నది. పగటివేళ ఆ కాంతి బయల్పడదు. అతినీలలోహిత దీపము క్రింద మాత్రమే మెరయును.

అయితే ఒకే కిరణమునకు ఒకే రంగు చూపు సిరా నేడు అంగళ్లలో దొరకుచున్నది. సజ్జనునకు దొరకునది దొంగకును దొరకును. అందుచేతనే శాస్త్రజ్ఞులు మరింత గడుసైన పదార్థములను వెదకుచున్నారు. వానిలో కొన్ని కిరణమును బట్టి రంగు మార్చును. కొన్ని దీపమార్పిన పిదపను కొంతసేపు వెలుగుచుండును. మరికొన్ని పరారుణ కిరణములు సోకగా ఆకుపచ్చని కాంతి నిచ్చును. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు మొదటి తెగకు చెందిన సిరా నొకదానిని సిద్ధపరచినట్లు 2020 ఆరంభమున ప్రకటింపబడినది. అది 254 నానోమీటర్ల కిరణమునకు ఎరుపును, 365 నానోమీటర్ల కిరణమునకు ఆకుపచ్చను చూపును. ఒక కిలోగ్రాము సిరాను దేవాసులోని నోట్ల ముద్రణాలయమున పరీక్షింపగా, వాడుకలోనున్న ప్రమాణములకు అది సరితూగినదట. స్వదేశమున, స్వదేశీయుల చేత జరిగిన ఈ కృషిని మేము మనసార అభినందించుచున్నాము.

కాని తాళమెంత గట్టిదైనను తాళపుచెవి యెవరి చేతనున్నదని అడుగక తప్పదు. 254 నానోమీటర్ల దీపము సామాన్యుల చేతికి తగినది గాదు. ఆ కిరణములు కంటికిని చర్మమునకును హాని చేయును. నిపుణుడు మాత్రమే చూడగల గురుతు బ్యాంకు బల్లను కాపాడునే గాని సంతను కాపాడజాలదు. నకిలీ నోటు బ్యాంకు చేరులోపల పలువురి చేతులు మారును. తుదకు దానిని పట్టుకొనివచ్చిన నిర్దోషియే నష్టపోవును.

ఇది నోట్లకు మాత్రమే పరిమితమైన చిక్కుగాదు. 2001లో తెల్గీ పట్టుబడునప్పటికి నకిలీ స్టాంపు కాగితములు అనేక రాష్ట్రములలో ఏండ్ల తరబడి చెల్లుబాటైనవి. భూముల క్రయవిక్రయములు సాగించువారికి ఆ ఉదంతము మరపురానిది. చూచువారు లేనిచో కాగితముపై నెన్ని గుప్తచిహ్నములున్నను నిష్ప్రయోజనము.

కావున మేము కోరునది రెండు విషయములు. క్రొత్త సిరాలను వాడునపుడు నిపుణులకొక గురుతును, ప్రజలకొక గురుతును వేర్వేరుగా నుంచవలెను. 365 నానోమీటర్ల చేతిదీపము వెల స్వల్పము. దానిని ప్రతి తపాలా కార్యాలయమునను, మార్కెట్ యార్డునను, రిజిస్ట్రారు కచేరీయందును ఎల్లవారికిని అందుబాటులో నుంచి, చూచు విధమును తెలుగున వ్రాసి గోడకు తగిలింపవలెను. సొమ్ము చేతులు మారకముందే రైతు తన కన్నులతో తాను చూచుకొనగలిగిన నాడే ఈ శాస్త్రము దేశమునకు అక్కరకు వచ్చినదని చెప్పవచ్చును.