మోటారు మొరాయిస్తే సీటూ మొరాయించాలా?

ఆరడుగుల మనిషి కారు నడిపి, సీటును బాగా వెనక్కి జరిపి దిగాడనుకుందాం. ఆ తర్వాత సీటు మోటారు పనిచేయడం మానేసింది. అయిదడుగుల ఎత్తున్న భార్య కూర్చుంటే బ్రేకు పెడల్ అందదు. ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి, ట్యాంకులో పెట్రోలూ ఉంది. అయినా అర్ధరాత్రి ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఆ కారు ఆమెకు అక్కరకు రాదు. సీటు ముందుకొచ్చి ఆగిపోతే ఇబ్బంది ఇంకో రకం. స్టీరింగు మధ్యభాగానికీ ఛాతీకీ నడుమ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ సూచిస్తుంది. అంతకన్నా దగ్గరగా కూర్చుంటే, ప్రాణం కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగే గాయపరచవచ్చు. కాబట్టి సీటు జరగకపోవడం సౌకర్యానికి సంబంధించిన చిన్న ఫిర్యాదు కాదు, భద్రతకు సంబంధించిన లోపం.

పాత సీట్లలో ఈ బాధ లేదు. కింద ఉన్న ఇనుప కడ్డీని పైకి లాగితే కొక్కెం వదులుతుంది, కాళ్లతో నెడితే సీటు పట్టాల మీద జరుగుతుంది. ఎలక్ట్రిక్ సీటును మాత్రం ఎంత బలవంతుడు నెట్టినా కదలదు. కారణం తుప్పు కాదు, భౌతికశాస్త్రం.

సీటు కింద 12 వోల్టుల చిన్న మోటారు ఉంటుంది. అది వర్మ్ గేరును తిప్పితే, ఆ గేరు పొడవాటి మరను తిప్పుతుంది. మర తిరిగేకొద్దీ దాని మీది నట్టు, నట్టుతోపాటు సీటు జరుగుతాయి. మర గాట్ల వాలు తక్కువగా, రాపిడి ఎక్కువగా ఉన్నప్పుడు, మరను తిప్పి నట్టును జరపగలమే తప్ప నట్టును నెట్టి మరను తిప్పలేం. ఇంజనీర్లు దీన్ని సెల్ఫ్ లాకింగ్ అంటారు. టైరు మార్చేటప్పుడు స్క్రూ జాకీ కారు బరువుకు తనంతట తాను కిందికి దిగకపోవడానికి కారణమూ ఇదే. ఇలాంటి మర సామర్థ్యం 50 శాతం కన్నా తక్కువ. పెట్టిన శక్తిలో సగానికిపైగా రాపిడికే పోతుంది. ఆ నష్టాన్ని భరించేది ఊరికే కాదు. గట్టిగా బ్రేకు వేసినా సీటు జారకుండా పట్టి ఉంచేది ఆ రాపిడే.

అంటే సీటును చేత్తో జరపాలంటే నెట్టకూడదు, తిప్పాలి. ఎంత తిప్పాలో ఒక ఉదాహరణ చూద్దాం. మర ఒక చుట్టు తిరిగితే నట్టు 3 మిల్లీమీటర్లు జరుగుతుందని, మర ఒక చుట్టు తిరగాలంటే మోటారు 15 చుట్లు తిరగాలని అనుకుందాం. మోటారు ఒక చుట్టుకు సీటు జరిగేది 0.2 మిల్లీమీటరు. 20 సెంటీమీటర్లు జరపడానికి 1000 చుట్లు కావాలి. సెకనుకో చుట్టు చొప్పున చేత్తో తిప్పితే దాదాపు 17 నిమిషాలు పడుతుంది. నిమిషానికి 500 చుట్లు తిరిగే బ్యాటరీ డ్రిల్లుతో రెండే నిమిషాలు. విసుగు పుట్టించే పనే కానీ, అసాధ్యం కాదు. అసలు చిక్కు ఏమిటంటే, చాలా కార్లలో తిప్పడానికి పట్టు దొరికే చోటే ఉండదు. సీటును విప్పి పైకెత్తితే తప్ప మోటారు చేతికందదు. సీటు బోల్టులు కొన్ని దాని వెనకవైపు, కొన్ని ముందువైపు ఉంటాయి. వాటిని విప్పాలంటే సీటును ముందుకూ వెనక్కూ జరపాలి. జరగని సీటును బాగుచేయాలంటే ముందు అది జరగాలన్నమాట!

జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్ లాంటి చోట ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. 1945లో మొదలైన టెల్కో కర్మాగారం పొరుగునే ఉన్న పేట ఇది. మూడు నాలుగు తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ ఊరు సొంతూరే. ఇనుముతో, మరలతో, గేర్లతో బతికే ఊళ్లో మర తిప్పడం తెలిసినవారికి కొదవ ఉండదు. అలాంటి చోట కూడా ఒక సీటు జరపడానికి కంపెనీ సర్వీసు సెంటర్ దాకా వెళ్లాల్సి వస్తే, లోపం మెకానిక్ నైపుణ్యంలో లేదు, సీటు రూపకల్పనలో ఉంది.

నిజానికి చాలాసార్లు మోటారు పాడవదు. మీట నొక్కినప్పుడు ఏ చప్పుడూ లేకపోతే ముందు ఫ్యూజును, సీటు కింది కనెక్టరును చూడాలి. వానాకాలం తడి మ్యాట్ల వల్ల అక్కడ చిలుము పట్టడం మామూలే. మీట నొక్కగానే లోపలి దీపం కాస్త మసకబారితే కరెంటు మోటారుకు అందుతోందని, పట్టాల్లో ఏదో అడ్డుపడిందని అనుమానించాలి. ఒక నాణెమో, పెన్ను మూతో చాలు. ఒకవైపే జరుగుతుంటే స్విచ్చునో రిలేనో అనుమానించాలి, ఎందుకంటే రెండు దిక్కులకూ తిరిగేది ఒకే మోటారు. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. సీటు కింద పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగుకు చెందినది. దాన్ని టెస్టరుతో గుచ్చకూడదు. బ్యాటరీ తీగ తీసి, మాన్యువల్లో చెప్పినన్ని నిమిషాలు ఆగాకే అక్కడ చెయ్యి పెట్టాలి.

ఈ తంటాలన్నీ తప్పించే మార్గం తేలికైనది. సీటు ముందు అంచున చిన్న ప్లాస్టిక్ మూత, దాని వెనక అలెన్ కీ పట్టే ఆరు పలకల గుంట. అంతే. కరెంటు పోతే దుకాణాల మోటారు షట్టర్లను గొలుసు లాగి ఎత్తడం మన బజార్లలో చూస్తూనే ఉంటాం. మధ్యలో ఆగిన లిఫ్టును చేత్తో దించే ఏర్పాటు ఉంటుంది. చాలా కార్లలో సన్‌రూఫ్‌ను సైతం కీతో తిప్పి మూసే వీలుంది. వానకు తడవకుండా పైకప్పుకు ఇచ్చిన వెసులుబాటు, బ్రేకు అందేలా చేసే సీటుకు ఎందుకు ఉండకూడదు?

ఖర్చు పెరుగుతుందని, చేత్తో తిప్పే వీలు ఉంటే ప్రమాదంలో సీటు జారిపోవచ్చని అభ్యంతరాలు రావచ్చు. రెండోది గట్టి ప్రశ్నే, కానీ జవాబు పై లెక్కలోనే ఉంది. ఆ గుంటను వర్మ్ గేరుకు ముందు, మోటారు ఇరుసు మీదే పెడితే పట్టు ఎక్కడా వదలదు. కీ కూడా మోటారులాగే మరను తిప్పుతుంది తప్ప కొక్కేన్ని విప్పదు. ఇక ఖర్చంటే ఒక గుంట, ఒక మూత. వేడి, మసాజ్, మెమరీ సౌకర్యాలున్న సీటుకు ఇది భారమనడం కుదరదు.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలూ ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే వాహనాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. విడిభాగాలు, మాన్యువళ్లు అందించడం మంచిదే. కానీ మరమ్మతు హక్కు రూపకల్పన బల్ల మీదే మొదలవ్వాలి. మోటారు చెడిపోతే సీటు మొత్తం మార్చమనకుండా మోటారు ఒక్కటే దొరకాలి, అది వచ్చేదాకా చేత్తో తిప్పుకొనే దారి ఉండాలి. భద్రతా ప్రమాణాల్లో ఈ ఒక్క నిబంధన చేర్చడానికి కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు. కారు కొనేవారు కూడా షోరూములో మీట నొక్కి మురిసిపోయే ముందు ఒక ప్రశ్న అడగాలి: ఇది ఆగిపోతే చేత్తో జరిపేదెలా?