ఇంటి మాట, బడి మాట

"మావాడు ఇంట్లో గలగలా మాట్లాడతాడండీ, బళ్లో మాత్రం నోరు విప్పడట" అని వాపోయే తల్లులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. పంతులుగారు "వీడికి చదువబ్బదు" అని తేల్చేస్తారు. ఆ మాట రెండుమూడుసార్లు విన్న తండ్రి బిడ్డను బడి మాన్పించి పనిలో పెట్టేస్తాడు. ఒక్క మాటతో ఒక బ్రతుకు దారి మళ్లిపోతుంది. నిజంగా ఆ బిడ్డకు తెలివి లేకనా? లేక ఇంట్లో నేర్చిన తీరు ఒకటి, బళ్లో అడిగే తీరు ఇంకొకటి కావడం వల్లనా?

షిర్లీ బ్రైస్ హీత్ అనే అమెరికా పరిశోధకురాలు ఇదే సంగతి తెలుసుకోవడానికి 1969 నుండి 1978 వరకు కరొలినా రాష్ట్రాల్లోని బట్టల మిల్లుల ప్రాంతంలో జనంతో కలిసిమెలిసి తిరిగారు. చూసినదాన్ని 1983లో పుస్తకంగా వెలువరించారు. అసలు పేర్లు దాచి, నల్లవారి పేటను ట్రాక్టన్ అనీ, తెల్లవారి పేటను రోడ్‌విల్ అనీ పిలిచారు. రెండూ మిల్లు పనిమీద బ్రతికే పేటలే. బడి మాత్రం పట్నంలోని చదువుకున్న కుటుంబాల పద్ధతిలో నడిచేది.

ట్రాక్టన్‌లో చంటిబిడ్డ ఎప్పుడూ ఎవరో ఒకరి చంకలోనే. పెద్దల మాటల మధ్యనే పెరుగుతుంది. "ఇదేమిటి నాన్నా? కుక్క. కుక్క అను" అని ఎవరూ కూర్చుని నేర్పరు. చూసి, విని, తానే నేర్చుకోవాలని వారి నమ్మకం. జవాబు తమకు తెలిసిన ప్రశ్నను బిడ్డను అడగడం వారికి అర్థంలేని పని. అడిగితే "ఇది దేనిలా ఉంది?" అని అడుగుతారు. పిల్లలు కూడా వీధిలో నలుగురి ముందు నిలబడి, ఉన్నదానికి నాలుగు కలిపి, నవ్వించేలా కథ చెప్పి మెప్పు పొందుతారు.

రోడ్‌విల్‌లో తీరు వేరు. అక్కడ తల్లి బొమ్మల పుస్తకం తెరిచి పేర్లు చెప్పిస్తుంది, పడుకునే ముందు చదివి వినిపిస్తుంది. కథ జరిగింది జరిగినట్టే ఉండాలి. కల్పించి చెబితే అది అబద్ధమే. (మన సండే స్కూల్లో వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పిన పిల్లకే బహుమానం కదా! రోడ్‌విల్ తల్లులు మనకు కొత్తవారేమీ కారు.)

ఇక బడి సంగతి. "ఇదేమిటి?" అని టీచరు అడిగితే ట్రాక్టన్ పిల్లవాడు తెల్లబోతాడు. ఆవిడకు తెలియకనా అడుగుతోంది? "కత్తెర ఉండవలసిన చోటు ఇదేనా?" అంటే "తీసి లోపల పెట్టు" అని అర్థమని వాడికెవరు చెప్పారు? ఇంట్లో అయితే "తియ్యి" అని నేరుగా అంటారు. ఆ విధంగా మొదటి తరగతుల్లోనే వెనుకబడిపోయాడు. దేన్ని దేనితోనైనా పోల్చగల వాడి నేర్పు పై తరగతుల్లో అక్కరకు వచ్చేదే, కానీ అంతవరకు వాడు నిలిస్తే గదా. రోడ్‌విల్ పిల్లలు మొదటి మూడు తరగతులు చక్కగా చదివారు. నాలుగో తరగతికి వచ్చేసరికి "అలా జరిగి ఉంటే ఏమయ్యేది?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక ఆగిపోయారు.

నిజానికి ఏ పేట తల్లిదండ్రులూ బిడ్డల్ని నిర్లక్ష్యం చేయలేదు. ఎవరి బ్రతుకుకు కావలసిన తీరు వారు నేర్పారు. ఒక్క పద్ధతినే చదువని పేరుపెట్టి, మిగతా వారి బిడ్డలందరినీ మొద్దులని అనడమే అన్యాయం. మన పల్లెల్లో కూలికి వెళ్లే తల్లి వెంట గట్టుమీద పెరిగిన బిడ్డకు ఏ ఆకు మేక తింటుందో, ఏ మబ్బు వాన తెస్తుందో తెలుసు. ఆ సంగతి బళ్లో ఎవరూ అడగరు. వాడి మాటలో యాస వినబడగానే తోటివారు నవ్వుతారు. వాడు మర్నాటినుండి మాట్లాడడం మానేస్తాడు.

హీత్‌గారితో కలిసి పనిచేసిన టీచర్లు ఈ చిక్కుకు ఒక దారి వెదికారు. చదవడంలో బాగా వెనుకబడిన ఐదో తరగతి పిల్లలను సైన్సు పాఠం కోసం ఊళ్లోని రైతుల దగ్గరకు పంపారు. విత్తు ఎప్పుడు వేస్తారు, ఎందుకలా చేస్తారు అని పిల్లలే అడిగి, రాసుకుని, పుస్తకంలో ఉన్నదానితో సరిచూశారు. టీచరుకు తెలియని సంగతి పిల్లవాడు తెచ్చి చెప్పిన రోజున తరగతి గది మారిపోయింది. తర్వాత 1980ల్లో పరీక్షల ఒత్తిడి పెరిగేసరికి ఆ పద్ధతులు అక్కడ చాలావరకు మరుగునపడ్డాయి.

మనకు అంత ఏర్పాటు అక్కరలేదు. సండే స్కూలు నడిపే అక్కలు, బడి పంతుళ్లు వచ్చే వారం ఒక పని చేసి చూడండి. విత్తువాడి ఉపమానం చెప్పేటప్పుడు వెనుక వరుసలో మౌనంగా కూర్చునే పిల్లవాణ్ణి "రాతినేల మీద గింజ ఎందుకు నిలవదురా?" అని అడగండి. వాడు ఏ యాసలో చెప్పినా సరే, పూర్తయ్యేదాకా మధ్యలో దిద్దకుండా వినండి.