పదిమందిలో పాము చావదు

పోయిన ఆషాఢంలో హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్తుంటే చౌటుప్పల్ దాటాక మా బస్సు ఆగిపోయింది. ముందర రోడ్డు పక్కన జనం మూగి ఉన్నారు. పాల క్యాన్లు కట్టిన మోటారు సైకిలొకటి డివైడర్‌కు కొట్టుకుని పడిపోయింది. ఒక క్యాన్ మూత ఊడి పాలన్నీ తారు మీద పారుతున్నాయి. ఆ పాల మధ్యలోనే ఓ నడివయసు మనిషి పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. చెవి వెనక నెత్తురు. పెదవులు కదులుతున్నాయి గానీ మాట పెగలడం లేదు.

చుట్టూ ముప్పై మందికి తక్కువ ఉండరు. నేనూ దిగి వాళ్ళలో కలిశాను. “108కి ఫోన్ చేశారా?” అని పక్కాయన్ని అడిగాను. “ఎవరో ఒకరు చేసే ఉంటారండీ” అన్నాడు. ఆ మాటతో నా మనసు కుదుటపడింది. జేబులో ఫోన్ ఉంది. తీయలేదు. పడ్డ మనిషిని చూస్తూ, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడ్డాను. వాళ్ళూ అలాగే నా ముఖం చూస్తున్నారు.

ఇంతలో మా బస్సు కండక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పరిస్థితి ఒక్కసారి చూసి, వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్కరికీ పని పురమాయించింది. “కళ్ళద్దాల సార్, మీరు 108కి ఫోన్ జేయుండ్రి. ఎర్రంగి తమ్మీ, నువ్వు ఉరికి ఎనకొచ్చే లారీలను ఆపు. అన్నా, ఆ తువ్వాల ఇటియ్యి. ఆయనను ఎవ్వరు కదపకుండ్రి.” కళ్ళద్దాల సార్ నేనే. అప్పటిదాకా రాతిబొమ్మల్లా నిలబడ్డ మేమందరం ఒక్క నిమిషంలో పనిలో పడ్డాం. పావుగంటలో అంబులెన్స్ వచ్చింది. ఎక్కించేటప్పుడు ఆయన తన ఊరి పేరు చెప్పగలిగాడు.

ఇలాంటి సంఘటనల గురించి మన పత్రికల్లో ఎప్పుడూ ఒకే మాట రాస్తాం: మానవత్వం మంటగలిసిందని. నేనూ చాలాసార్లు రాశాను. ఆ రోజు ఆ ముప్పై మందిలో నిలబడ్డాక ఆ మాట తప్పని అర్థమైంది. మాలో జాలి లేక కాదు. నా గుండె దడదడలాడుతూనే ఉంది. జాలికీ చేతికీ మధ్య ఎక్కడో దారి తెగిపోయింది. అది ఎక్కడ తెగుతుందో మనస్తత్వశాస్త్రం అరవై ఏళ్ళుగా వెతుకుతోంది.

ఆ వెతుకులాటకు మూలం ఓ హత్య. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్క్‌లోని క్యూ గార్డెన్స్ ప్రాంతంలో కిట్టీ జెనోవీస్ అనే 28 ఏళ్ళ యువతిని ఒక దుండగుడు కత్తితో పొడిచి చంపాడు. రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వచ్చింది. 38 మంది చూస్తూ ఊరుకున్నారనీ, ఆ దాడి సాగినంతసేపూ ఒక్కరూ పోలీసులకు చెప్పలేదనీ దాని సారాంశం. అమెరికా అంతా సిగ్గుతో తలదించుకుంది. నగరం మనుషుల్ని రాళ్ళను చేసిందని వ్యాసాలు రాశారు.

ఆ వార్త నిజం కాదు. దాడిని స్పష్టంగా చూసినవాళ్ళు ఏ కొద్దిమందో. ఒకాయన కిటికీలోంచి అరిస్తే దుండగుడు మొదట పారిపోయాడు కూడా. సోఫియా ఫరార్ అనే పొరుగావిడ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి, అంబులెన్స్ వచ్చేదాకా కిట్టీని ఒళ్ళో పొదివి పట్టుకుంది. తమ వార్తలో పొరపాట్లున్నాయని ఆ పత్రికే 2016లో ఒప్పుకుంది. యాభై రెండేళ్ళ పాటు ఆ వీధివాళ్ళు మోయకూడని నింద మోశారు. పత్రికలో రాసేవాడిగా ఆ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

అయితే ఆ వార్త చదివిన ఇద్దరు పరిశోధకులు, జాన్ డార్లీ, బిబ్ లటానే, అందరిలా తిట్టి ఊరుకోలేదు. జనం చెడ్డవాళ్ళు కాబట్టి కదలలేదా, లేక జనం ఎక్కువమంది ఉన్నారు కాబట్టి కదలలేదా అని అడిగారు. తేల్చుకోవడానికి కాలేజీ విద్యార్థుల్ని పిలిచి ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో కూర్చోబెట్టారు. కాలేజీ జీవితంలోని ఇబ్బందుల గురించి మైకుల ద్వారా మాట్లాడుకోవాలన్నారు. ముఖాలు కనపడవు, గొంతులే వినపడతాయి. అందులో ఓ కుర్రవాడు తనకు అప్పుడప్పుడూ మూర్ఛ వస్తుందని మొహమాటపడుతూ చెబుతాడు. కాసేపటికి అతని మాట తడబడుతుంది, ఊపిరి అందదు, సాయం చేయమని వేడుకుంటాడు. నిజానికి అది ముందే రికార్డు చేసిన గొంతు. వింటున్న విద్యార్థికి ఆ సంగతి తెలియదు.

ఆ గొంతు వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది, అతని గొంతు ఆగిపోయేలోపే లేచి వెళ్ళి చెప్పారు. తనతో పాటు ఇంకొకరు వింటున్నారనుకుంటే 62 శాతం. ఇంకో నలుగురు వింటున్నారనుకుంటే 31 శాతమే. 1968లో అచ్చయిన ఈ లెక్కల్ని ఇప్పటికీ మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో చెబుతారు. నాకు వాటి కంటే ముఖ్యమనిపించేవి ఇంకో రెండు సంగతులు. కదలకుండా కూర్చున్నవాళ్ళ చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమటతో తడిశాయి. గదిలోకి వచ్చిన పరిశోధకుణ్ణి వాళ్ళు మొట్టమొదట అడిగింది ఆ కుర్రవాడికి ఎలా ఉందనే. వాళ్ళు రాళ్ళు కారు. రెండో సంగతి, ఇతరులున్నారన్న ఆలోచన మీ మీద పనిచేసిందా అని ఎన్ని రకాలుగా అడిగినా, లేదు లేదన్నారు. చౌటుప్పల్‌లో ఎవరైనా నన్నడిగినా నేనూ అదే చెప్పేవాణ్ణి.

మన పెద్దలు ఈ విషయాన్ని మూడు ముక్కల్లో చెప్పారు: పదిమందిలో పాము చావదు. ఒక్కడే ఉంటే కర్ర అందుకుంటాడు. పదిమంది ఉంటే బాధ్యత పది వాటాలవుతుంది, పదో వంతు బాధ్యత ఎవరి చేతినీ కదిలించలేదు. ముఖాలు చూసుకోవడం దీనికి తోడు. నేను గాభరాపడకుండా నిలబడ్డాను కాబట్టి పక్కవాడు ఇది అంత పెద్ద ప్రమాదం కాదేమో అనుకుంటాడు. అతని నిబ్బరం చూసి నేనూ అలాగే అనుకుంటాను. ఇద్దరి లోపలా దడే, బయటికి మాత్రం ఇద్దరం ధైర్యంగా కనిపిస్తాం.

మరి విలువల మాటేమిటి? నీతి బాగా నేర్పితే మనుషులు కదులుతారని మనం నమ్ముతాం. డార్లీ, మరో పరిశోధకుడు డేనియల్ బాట్సన్ కలిసి 1973లో ఆ నమ్మకానికీ పరీక్ష పెట్టారు. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మందిని పక్క భవనంలో ప్రసంగించమని పంపారు. కొందరికిచ్చిన అంశం బైబిల్‌లోని మంచి సమరయుడి కథే: దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి పెద్దలు దాటిపోతే, పరాయివాడొకడు ఆదుకున్న కథ. వెళ్ళే సందులో ఒక మనిషి గుమ్మంలో కూలబడి దగ్గుతూ మూలుగుతుంటాడు. తీరిక ఉందని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయింది, త్వరగా వెళ్ళమని పంపినవాళ్ళలో ఆగింది 10 శాతం. ఏ అంశం మీద మాట్లాడబోతున్నారన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. నలభై మందితో చేసిన పరీక్ష మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. కానీ ఉదయం బడి గంటకు పిల్లల్ని లాక్కుంటూ పరుగెత్తే తల్లిదండ్రుల్ని, నిమిషాల్లో సరుకు చేర్చాలని ఉరుకులు పెట్టే డెలివరీ కుర్రాళ్ళను చూస్తే నాకు ఆ సందు గుర్తొస్తుంది. తీరిక లేని మనిషిలో దయ ఎంతున్నా చేతికి అందదు.

ఇక్కడితో ఆపితే అన్యాయమవుతుంది. బ్రిటన్‌లోని లాంకాస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వీధుల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 గొడవల్ని పరిశోధకుడు రిచర్డ్ ఫిల్పాట్ బృందం పరిశీలించింది. పదింట తొమ్మిదిసార్లు కనీసం ఒక్కరైనా అడ్డువెళ్ళారు. జనం ఎక్కువమంది ఉన్న కొద్దీ ఎవరో ఒకరు అడ్డువెళ్ళే అవకాశం పెరిగింది కూడా. ప్రమాదం కళ్ళెదుట స్పష్టంగా ఉంటే మనుషులు కదులుతారు. పదిమందిలో చేయందించే ఒక్కరు ఉంటారు. మా బస్సులో ఆ ఒక్కరు కండక్టరమ్మ. రోజూ కిక్కిరిసిన బస్సులో “ఎవరైనా జరగండి” అంటే ఎవరూ జరగరని ఆమెకు తెలుసు. “నీలం చీరమ్మా, మీరు లోపలికి జరగండి” అంటేనే పని జరుగుతుంది. మనస్తత్వశాస్త్రజ్ఞులు ఆపదలో ఉన్నవాళ్ళకు ఇచ్చే సలహా కూడా ఇదే: గుంపును కాదు, ఒక మనిషిని పిలవండి.

మన దేశంలో ఆ పిలుపుకు ఒక భయం అడ్డుపడుతుంది. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2013లో చేయించిన సర్వేలో, తీవ్రంగా గాయపడినవాళ్ళకు సాయం చేయడానికి ముందుకు రాలేమన్నవాళ్ళు 74 శాతం. వాళ్ళలో 88 శాతం మంది చెప్పిన కారణం పోలీసుల ప్రశ్నలు, కోర్టు చుట్టూ తిరగడం. ఇది గుండె లేకపోవడం కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో ఎంతమంది చుట్టూ “మనకెందుకొచ్చిన గొడవ” అనే మాట తిరిగి ఉంటుందో!

ఆ భయానికి ఇప్పుడు చట్టంలో జవాబుంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్ళ రక్షణకు మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షన్ చేరింది. సదుద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవాళ్ళ మీద కేసు పెట్టడానికి వీల్లేదు. పేరు, చిరునామా చెప్పాలని పోలీసులు బలవంతం చేయకూడదు. సాక్షిగా ఉండటం మీ ఇష్టం. 2020 నాటి నిబంధనల ప్రకారం ప్రతి ఆసుపత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఈ హక్కుల్ని హిందీ, ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ గుమ్మం దగ్గరో, అందరికీ కనపడే మరో చోటో రాసి పెట్టాలి.

ఈ వ్యాసం కోసం నేను మూడు ఆసుపత్రుల గుమ్మాల దగ్గర ఆ బోర్డు కోసం వెతికాను. ఒక్కచోటా కనిపించలేదు. ఒకచోట కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగితే, అలాంటిదొకటి ఉందని తనకెవరూ చెప్పలేదంది.

ఈ వారం మీ ఊళ్ళో ఆసుపత్రి ముందు నుంచి వెళ్తే ఆ తెలుగు బోర్డు ఉందో లేదో చూడండి. లేకపోతే లోపలికి వెళ్ళి అడగండి. ఎవరో ఒకరు అడుగుతారులే అనుకోకండి. మిమ్మల్నే అంటున్నాను.