సముద్రానికి పోయే ముందు

కార్తీకమాసం దగ్గర పడిందంటే పల్నాటి పల్లెల్లో సముద్రం మాట వినపడుతుంది. పత్తి మొదటి తీత డబ్బులు చేతికి వచ్చి ఉంటాయి. మిరప కోతకు ఇంకా వ్యవధి ఉంటుంది. "ఈసారైనా పిల్లలకు సముద్రం చూపిద్దాం" అని అరుగు మీద ఎవరో ఒకరు అంటారు. నలుగురు సరేనంటారు. వచ్చే ఆదివారం కోడికూతకు ముందే ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి, పైన పట్టా వేసి, ముప్పై మంది ఎక్కి బయలుదేరతారు. ఏర్పాటంటే అంతే.

గత కార్తీకంలో మా ఊరి నుంచి వెళ్లింది కూడా అలాగే. ఈ విలేకరి కూడా ఆ ట్రక్కులోనే ఉన్నాడు కనుక ఎవరినో తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మొత్తం 31 మందిమి. అందులో 11 మంది పిల్లలు. సూర్యలంక చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆడవాళ్లు పసుపు కుంకుమలు తీస్తుంటే పిల్లలు అప్పటికే నీళ్లలో ఉన్నారు. ఎవరి పిల్లలను ఎవరు చూడాలో అనుకోలేదు. సాగర్ కుడి కాలువలో ఈ దరి నుంచి ఆ దరికి ఈదే పద్నాలుగేళ్ల కుర్రవాడొకడు మోకాలి లోతు నీటిలో ఆడుతూ ఆడుతూ, చూస్తుండగానే నూరు గజాల లోపలికి పోయాడు. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న మత్స్యకారుడు ఒకాయన చూసి, తాడు నడుముకు కట్టుకుని దూకకపోతే ఆ రోజు మేము 30 మందిమే తిరిగి వచ్చేవాళ్లం.

కాలువలో ఈదినవాడికి సముద్రం లెక్కలోది కాదని మనవాళ్ల ధీమా. ఇక్కడే పొరపాటు జరుగుతున్నది. కాలువలో ప్రవాహం ఒకే దిక్కుకు పోతుంది. బావిలో నీరు కదలదు. సముద్రంలో అలా కాదు. అల ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోవాలి. అడుగున ఇసుక మేటలు ఉంటాయి. ఆ మేటల మధ్య పల్లంగా ఉన్న చోటు చూసుకుని నీరంతా ఒక్క పాయగా వెనక్కి లాగుతుంది. చిత్రమేమంటే, ఆ పాయ ఉన్న చోట అలలు విరగవు. రెండు పక్కలా నురగలు కక్కుతుంటే మధ్యలో మడుగులాగా నెమ్మదిగా కనపడుతుంది. ఒక్కోసారి నీటి రంగు కూడా మారి ఇసుకతో మడ్డిగా ఉంటుంది. తెలియనివారు ఆ చోటే పిల్లలకు మంచిదని దింపుతారు. మా కుర్రవాడు దిగిందీ అక్కడే.

లాగుడులో చిక్కినవాడు ఒడ్డు వైపు ఈదితే ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు. నిజానికి ఆ పాయ మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. దాని వెడల్పు కూడా తక్కువే. కనుక దానితో పెనుగులాడకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరి, అక్కడి నుంచి ఒడ్డుకు రావాలి. ఈత చాలనివారు వెల్లకిలా తేలి, చెయ్యి ఎత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవారు కంగారుగా వెంట దూకరాదు. ఒకరి కోసం ఒకరు దూకి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి. తాడు గాని, గాలి కొట్టిన ట్యూబు గాని, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా గాని విసిరితే చాలు, పట్టుకుని తేలగలడు. ఈ మూడూ మన ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంట్లో ఉండేవే.

ఇంకొక మాట. నీట మునిగి తేలినవాడిని తలకిందులుగా ఎత్తడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం మన పల్లెల్లో అలవాటు. ఇందువల్ల ఉపయోగం లేకపోగా విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి నోటితో ఊపిరి ఊదాలి, రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, ఆగకుండా నొక్కుతుండాలి. ఈలోగా ఒకరు 108కి ఫోను చేయాలి.

మన జనం ఎక్కువగా వెళ్లేది కార్తీక పౌర్ణమికి. పౌర్ణమికీ అమావాస్యకీ ఆటుపోట్లు పెద్దవని అందరికీ తెలుసు. పైగా అది బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే కాలం. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచి వేలాది ప్రాణాలు తీసిన ఉప్పెన కార్తీకంలోనే వచ్చింది. ఆ రోజుల్లో ముందుగా తెలిసే వీలు తక్కువ. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు గురించి ముందే హెచ్చరికలు ఇస్తున్నది. రాష్ట్ర విపత్తుల సంస్థ వాటిని ఫోన్లకు పంపుతున్నది. బయలుదేరే ముందు రోజు చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. హెచ్చరిక ఉంటే మరో ఆదివారానికి మార్చుకోవచ్చు. సముద్రం ఎక్కడికీ పోదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా సూర్యలంక మన గుంటూరు జిల్లాలోదే. ఇప్పుడు అది బాపట్ల జిల్లాలోకి పోయింది. మన పల్నాడు జిల్లాకు కృష్ణ ఉంది, సాగర్ ఉంది, ఎత్తిపోతల ఉంది, కోటప్పకొండ ఉంది. ఉప్పునీరు మాత్రం చుక్క లేదు. జిల్లా మారినా జనం మారలేదు. అటు సూర్యలంక, ఇటు చీరాల దగ్గర వాడరేవు, రామాపురం తీరాలు సెలవు రోజుల్లో మనవాళ్లతో నిండుతున్నాయి. అక్కడ ఇప్పుడు స్నానం ఒక్కటే కాదు, గుర్రపు సవారీలు, ఇసుక మీద తిరిగే బండ్లు, పిల్లల ఆటలు, మొక్కజొన్న కంకులు, బజ్జీల బండ్లు అన్నీ వచ్చాయి. తిరునాళ్లలా ఉంటుంది. ఇద్దరు పిల్లలున్న కూలి కుటుంబం అక్కడ ఒక పూట గడిపితే మూడు రోజుల కూలి పోతుంది. ఎంత ఖర్చు పెట్టాలో ఇంటి దగ్గరే అనుకుని పోవడం మంచిది. ఒడ్డున నిలబడి పిల్లవాడిని కాదనడం కష్టం.

ఇక ప్రయాణం సంగతి. మాచర్ల వైపు నుంచి తీరానికి నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట మీదుగా వాడరేవుకు అందులో సగం కూడా లేదు. అంత దూరం ట్రాక్టరు మీద పోవడం నడుములకే కాదు, ప్రాణానికీ మంచిది కాదు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధ్యత లేదని పక్కకు తప్పుకుంటుంది. ఆ రాత్రి మేము తిరిగి వస్తుంటే వెనుక దీపం లేదు, డ్రైవరు కళ్లు మూతలు పడుతున్నాయి. ఇల్లు చేరేసరికి రెండు దాటింది. మరునాడు కూలికి పోయినవారు లేరు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. ఆధారు కార్డు చూపితే చాలు. అంటే మా 31 మందిలో సగానికి పైగా ఊరకే పోయి రావచ్చు. బాపట్ల బస్టాండు నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. రైలైతే గుంటూరు, తెనాలి మీదుగా బాపట్లలో దిగవచ్చు. పొద్దున స్నానం ముగించుకుని వచ్చి భావనారాయణ స్వామి దర్శనం కూడా చేసుకోవచ్చు. కాకపోతే రెండు మూడు బస్సులు మారి, చంకలో పిల్లతో, నెత్తిన అన్నం గంపతో పోవడం ఎంత కష్టమో ఆడవాళ్లనడిగితే చెబుతారు. పంచారామాలకు కార్తీకంలో ప్రత్యేక బస్సులు వేస్తున్న ఆర్టీసీ, మాచర్ల, పిడుగురాళ్ల, వినుకొండ, నరసరావుపేట డిపోల నుంచి ఆ నెల ఆదివారాలలో నేరుగా తీరం దాకా పొద్దున ఒకటి పంపి సాయంత్రం తీసుకువస్తే ట్రాక్టర్లు వాటంతట అవే తగ్గుతాయి. పోలీసులు దారిలో ఆపి జరిమానా రాయడం కంటే ఇది మేలైన పని.

తీరంలోని అధికారులూ చేయవలసింది ఉంది. 2024 జూన్‌లో రామాపురం దగ్గర సరదాకు వచ్చిన యువకులు మునిగి చనిపోయాక కొన్నాళ్లు తీరాలు మూసివేశారు. ఎల్లకాలం మూసి ఉంచలేరు, ఉంచనూ కూడదు. లాగుడు ఉన్న చోట ఎర్రజెండా పాతాలి. ఎందుకు పాతారో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. జనం వచ్చే రోజుల్లో స్థానిక మత్స్యకార యువకులకు కూలి ఇచ్చి కాపలా పెట్టాలి. మా కుర్రవాడిని కాపాడినాయన కాసిని మంచినీళ్లు తాగి, ఇచ్చిన డబ్బు తీసుకోకుండా వల దగ్గరికి వెళ్లిపోయాడు. అటువంటివారు ఆ ఒడ్డున ఎందరో ఉన్నారు. సూర్యలంక అభివృద్ధికి కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద పనులు మంజూరు చేసింది. అందులో అందాలకంటే ముందు ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు రోజుకు ఎంతమంది వస్తారో లెక్కవేసి కట్టాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా గడిపిన ఆడవాళ్లను ఈ విలేకరి చూశాడు. ఎందుకు తాగలేదో చెప్పనక్కర లేదు.

కోటప్పకొండకు ప్రభ కట్టే ఊరిలో నెల ముందే పని మొదలవుతుంది. చందాలు ఒకరు, వాసాలు ఒకరు, ఎడ్లు ఒకరు, కరెంటు తీగల దగ్గర కాపు ఒకరు అని పనులు పంచుకుంటారు. అంత తెలివి ఉన్నవాళ్లం సముద్రానికి పోయేటప్పుడు మాత్రం ముందూ వెనుకా చూసుకోము. ఐదుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి, తాగినవాడు నీటిలో దిగరాదు, నడుము లోతు దాటరాదు, దిగేముందు అక్కడి మత్స్యకారుడిని ఒక మాట అడగాలి, బండి ఎక్కేముందు తలలు లెక్కపెట్టాలి. ఇవి అరుగు మీదే తేల్చుకోవాలి.

మా ఊళ్లో ఈసారి మనిషికి ఇంతని వేసుకుని ఆర్టీసీ బస్సు అద్దెకు మాట్లాడుకుందామని అనుకుంటున్నారు. అద్దె బస్సుకు ఉచితం వర్తించదు కనుక ఆడవాళ్లు బేరం ఆడుతున్నారు. ఇప్పటికి 22 పేర్లు వచ్చాయి. ఆ కుర్రవాడు మొదటి రోజే తన పేరు రాయించాడు. వాళ్లమ్మ ఇంకా ఏ మాటా చెప్పలేదు.